మెడికల్ అసిస్టెంట్ కావాలంటే ఏ చదువు చదవాలి?

తిరుపతిలో రుయా ఆసుపత్రి దాటి అలిపిరి వైపు నడిచేవారికి, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి కరెంటు స్తంభాల మీదా, ఆటోల వెనుకా ఒకే తీరు కాగితాలు కనిపిస్తాయి. ఆరు నెలల్లో మెడికల్ అసిస్టెంట్, ఏడాదిలో నర్సింగ్ అసిస్టెంట్, నూటికి నూరు శాతం ఉద్యోగం. ఒక వేసవిలో పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి, బైపీసీ పూర్తి చేసిన కూతురిని వెంటబెట్టుకుని, అలాంటి కాగితాలు మూడు చేత పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఈ మూడిట్లో ఏది మేలు సార్?" అని అడిగారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివాను. పేరు ఒకటే గానీ చదువులు వేరు. ఒకటి మంచం పట్టిన రోగికి సేవ చేసే పని నేర్పుతుంది, ఇంకొకటి ల్యాబ్ పని నేర్పుతుంది, మూడోది ఏం నేర్పుతుందో అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివినా నాకు బోధపడలేదు.

ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, ఆ పేరు ఎక్కడిదో తేల్చుకోవాలి. మెడికల్ అసిస్టెంట్ అన్నది అమెరికాలో స్థిరపడిన ఉద్యోగం. అక్కడ డాక్టరు సొంత క్లినిక్‌లో పనిచేసే ఈ మనిషి ఒక చేత్తో ఆఫీసు పని, ఇంకో చేత్తో వైద్య సహాయం నడిపిస్తారు. ఫోను ఎత్తి అపాయింట్‌మెంట్ ఇవ్వడం, బీమా కాగితాలు నింపడం, రోగి బరువూ బీపీ చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం, రక్తం తీయడం, డాక్టరు చెప్పిన మీదట చాలా చోట్ల సూది వేయడం, అన్నీ ఒకరే చూసుకుంటారు. ఇందుకు ఇంచుమించు ఏడాది సర్టిఫికెట్ కోర్సు గానీ, రెండేళ్ల డిగ్రీ గానీ చదువుతారు. 1956లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్ అనే సంఘం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ దేశంలో ఈ పనిలో ఉన్నవారు 7 లక్షలకు పైమాటే. మన సెల్‌ఫోన్‌లో ఆ పేరు వెతికితే ముందుగా వచ్చేదంతా వారి గురించే.

ఈ పేరును పోలిన ఫిజీషియన్ అసిస్టెంట్ అనే ఉద్యోగం ఇంకొకటి ఉండడంతో తికమక రెట్టింపవుతోంది. ఇది వేరే జాతి. 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో దీన్ని మొదలుపెట్టారు. వారిలో ముగ్గురు 1967లో చదువు పూర్తి చేశారు. రోగిని పరీక్షించడం, జబ్బును అంచనా వేయడం, ఆపరేషన్ బల్ల దగ్గర సర్జన్‌కు తోడు నిలవడం వీరి పనిలో భాగం. మన దేశంలో ఈ చదువు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. అంటే అసిస్టెంట్ అనే ఒక్క మాట కింద ఆరు నెలల చదువూ ఉంది, నాలుగేళ్ల చదువూ ఉంది. కరపత్రాలు వేసేవారికి ఈ సందిగ్ధమే పెట్టుబడి.

ఇక మన వైపు సంగతి. ఒకప్పుడు చిత్తూరు జిల్లా పల్లెల్లో ఈ పనంతా కాంపౌండర్ చేసేవారు. సీసా మీద గుర్తుల చీటీ అంటించి ఎర్ర మందు కలిపి ఇచ్చేదీ, పుండు కడిగి కట్టు కట్టేదీ, డాక్టరు లేనప్పుడు ధైర్యం చెప్పేదీ ఆయనే. మందులు ఇచ్చే పనిని రిజిస్టరైన ఫార్మసిస్టులకే పరిమితం చేయాలని 1948 నాటి ఫార్మసీ చట్టం నిర్దేశించింది. కాంపౌండర్ చేతిలోని పని క్రమంగా ముక్కలైంది. మందుల గది ఫార్మసిస్టుకు, సూదులు నర్సుకు, రక్తం ల్యాబ్ టెక్నీషియన్‌కు, ఎక్స్‌రే రేడియోగ్రాఫర్‌కు, రోగిని మోసుకుపోవడం వార్డుబాయ్‌కు, ఒళ్లు తుడవడం ఆయమ్మకు. రుయాలో ఓపీ చీటీ తీసుకున్న రోగి బయటికి వచ్చేలోగా ఇంతమంది చేతుల మీదుగా వెళతాడు. అమెరికాలో ఒకరు చేసే పని ఇక్కడ ఐదారుగురికి పంచి ఉంది కాబట్టి, మెడికల్ అసిస్టెంట్ చదువుతానంటే ఆ ఐదారుగురిలో ఎవరి పని చేయదలచుకున్నావు అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. చదువు అయ్యాక నీ పేరు ఏ రిజిస్టరులో ఎక్కుతుంది?

నర్సింగ్ దారి ఇందులో అన్నిటికన్నా స్పష్టంగా ఉంటుంది. ఏఎన్ఎం రెండేళ్లు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పాఠ్యాంశాలను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది, పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో చేరుతుంది. ఆ నంబరు లేనివారు తెల్లకోటు వేసుకున్నా, లేత నీలి చీర కట్టుకున్నా నర్సు కారు. ఏడాది నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చదివితే తర్వాత జీఎన్ఎంకు సమానమవుతుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. అలాంటి నిచ్చెన ఏదీ లేదు.

రెండో దారి పారామెడికల్ డిప్లొమాలది. ల్యాబ్ టెక్నీషియన్‌కు డీఎంఎల్‌టీ, ఎక్స్‌రే, స్కానింగ్ పనికి డీఎంఐటీ, కంటి సహాయకులకు డీఓఏ, ఇవి గాక డయాలసిస్, అనస్తీషియా, గుండె రక్తనాళాల పరీక్షలు జరిగే క్యాత్‌ల్యాబ్ వంటివి. ఇవి ఎక్కువగా రెండేళ్ల చదువులు. ఇంటర్ బైపీసీ వారికి మొదటి ప్రాధాన్యం, ఆ తర్వాత ఎంపీసీ వారికి. రాష్ట్రంలో పారామెడికల్ చదువులను నియంత్రించే సంస్థ గుర్తించిన కళాశాలలో చదివి, అది పెట్టే పరీక్ష రాసి, అక్కడ నమోదైతేనే సర్కారు నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసే అర్హత వస్తుంది. ఇంటర్‌లోనే ఒకేషనల్ గ్రూపు కింద ల్యాబ్ టెక్నాలజీ, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ తీసుకునే పిల్లలూ మన జూనియర్ కళాశాలల్లో ఉన్నారు. రెండేళ్ల చదువు కాగానే పని అయిపోయిందని వారిలో చాలామంది అనుకుంటారు గానీ, ఆ తర్వాత ఆసుపత్రిలో చేయవలసిన ఏడాది శిక్షణ పూర్తయితే తప్ప ఆ కాగితానికి బలం రాదు.

మూడోది డిగ్రీ దారి. అలిపిరి రోడ్డులోనే ఉన్న స్విమ్స్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ డిగ్రీలతో పాటు ల్యాబ్, అనస్తీషియా, ఇమేజింగ్, డయాలసిస్, పెర్ఫ్యూజన్ వంటి సాంకేతిక విభాగాల్లో చదువులున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం అండతో 1993లో సేవలు ప్రారంభించిన ఈ సంస్థ 1995 నాటి రాష్ట్ర చట్టంతో విశ్వవిద్యాలయమైంది. గుండె ఆపరేషన్ జరిగే వేళ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రం చేత చేయించే పెర్ఫ్యూజనిస్టు ఉద్యోగం గురించి మన పల్లెల్లో పదిమందికి కూడా తెలిసి ఉండదు. ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులుపడే బైపీసీ విద్యార్థులు ఆ వైపు ఒకసారి చూడాలన్నది నా అభిప్రాయం.

ఇక నాలుగోది, కరపత్రాల్లో ఎక్కువగా కనిపించే స్వల్పకాలిక శిక్షణ. దీనికి అసలైన రూపం జనరల్ డ్యూటీ అసిస్టెంట్. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ రూపొందించిన ప్రమాణాల ప్రకారం కొన్ని నెలల పాటు సాగుతుంది. రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం, మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి చేర్చడం, జ్వరం, నాడి, బీపీ చూసి నర్సుకు చెప్పడం ఇందులో ఉంటాయి. సూది వేయడం, సెలైన్ ఎక్కించడం ఈ పనిలోకి రావు. కోవిడ్ రెండో ఉధృతి తర్వాత 2021 జూన్‌లో కేంద్రం లక్ష మందికి ఆరు రకాల సహాయక పనుల్లో ఇలాంటి సత్వర శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇంటి వద్ద సేవ, నమూనాల సేకరణ, పరికరాల నిర్వహణ అందులో కొన్ని. కాబట్టి చిన్న కోర్సు అనగానే మోసమని కొట్టిపారేయడం సరికాదు. పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దవారు ఉన్న ప్రతి ఇంట్లో ఈ పని తెలిసిన మనిషి కోసం వెతుకులాట ఉంది. ఈ శిక్షణను దీని పేరుతోనే ఇస్తే చిక్కే లేదు. ల్యాబ్‌లోనూ నర్సుగానూ పనికొస్తుందని చెప్పి, రెండేళ్ల డిప్లొమాకు అయ్యేంత ఫీజు గుంజడంలోనే మోసమంతా ఉంది.

చిన్న కోర్సుకూ పెద్ద కోర్సుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఇప్పుడు చట్టంలోనే ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం, డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు, ఫార్మసిస్టులు కాని ఇతర వైద్య వృత్తులను 10 విభాగాలుగా చేసి, వారికి జాతీయ స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో రిజిస్టర్లు ఉండాలని చెప్పింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అయితే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3600 గంటలు. ల్యాబ్, రేడియాలజీ, ఫిజియోథెరపీ, పోషకాహారం, కంటి విభాగాలతో పాటు, ఫిజీషియన్ అసిస్టెంట్‌కే మరో పేరైన ఫిజీషియన్ అసోసియేట్ కూడా ఈ చట్టం జాబితాలో ఉంది.

ఆ తండ్రికి నేను ఈ లెక్కే వేసి చూపించాను. రోజుకు 6 గంటలు, నెలకు 25 రోజులు అనుకుంటే నెలకు 150 గంటలు. ఆరు నెలలకు 900. ఒక్క సెలవూ లేకుండా చదివినా చట్టం అడిగిన దానిలో సగం కూడా కాదు. ఆయన కాగితం మీద వేళ్లతో లెక్కవేసుకుని, "అయితే ఇది దేనికి చెల్లుతుంది సార్?" అన్నారు. మంచం దగ్గర సేవకు చెల్లుతుంది, ల్యాబ్‌లో కుర్చీకి చెల్లదు అన్నాను.

గంటలకు ఇంత పట్టుదల ఎందుకు అనిపించవచ్చు. బీపీ చూడడాన్నే తీసుకుందాం. అందరూ అర నిమిషంలో నేర్చుకోవచ్చనుకునే పని ఇది. ఎండలో బస్సు దిగి, మెట్లెక్కి వచ్చిన అవ్వను కూర్చోబెట్టీ పెట్టకముందే పట్టీ చుడితే వచ్చే అంకె ఆమెది కాదు, ఆ మెట్లది. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోనివ్వాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చేయి కిందికి వేలాడితే ప్రతి 10 సెంటీమీటర్లకు అంకె సుమారు 7 నుంచి 8 వరకు పెరుగుతుంది. పట్టీలోని గాలి సంచి భుజం చుట్టుకొలతలో దాదాపు 80 శాతం ఆవరించాలి; లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, మాట్లాడినా పెరుగుతుంది. మన వైపు అవ్వలు మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో తెలిసిందే. "రెండు నిమిషాలు నోరు తెరవొద్దు అవ్వా, తర్వాత నీ కొడుకు సంగతంతా వింటాను" అని నవ్వుతూ చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమే. గాలిని సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున వదులుతూ, మొదటి చప్పుడు వినిపించిన చోట పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోట కింది అంకె రాయాలి. 1905లో నికొలాయ్ కొరొట్కోవ్ అనే రష్యన్ వైద్యుడు చెప్పిన పద్ధతి ఇది. ఇన్నిటిలో ఏ రెండు తప్పినా, అవసరం లేని మాత్ర ఒకటి ఆ అవ్వ జీవితాంతం మింగవలసి రావచ్చు.

రక్తం తీసే గదిలో తప్పు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తకణాల లెక్కకు అది వాడతారు. చక్కెర పరీక్షకు బూడిద రంగు మూత, గడ్డకట్టే కాలం చూడడానికి నీలం రంగు మూత. ఈ నీలం గొట్టంలో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ద్రవం ఉంటుంది కాబట్టి, సగానికే నింపి పంపితే ఫలితం తప్పుగా వస్తుంది. ఎర్ర మూత గొట్టంలో రక్తం తక్కువ పడిందని, తొందరలో ఊదా గొట్టంలోంచి కాస్త అందులోకి ఒంపిన కొత్త కుర్రవాణ్ణి నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చూశాను. చూడడానికి అది చిన్న సర్దుబాటే. అయితే ఆ రసాయనం పొటాషియం లవణం. పైగా కాల్షియంను పట్టేస్తుంది. రిపోర్టులో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత ఎక్కువగానూ, కాల్షియం బాగా తక్కువగానూ వస్తాయి. రోగికి ఏమీ ఉండదు, అయినా అర్ధరాత్రి ఇంటికి ఫోను వస్తుంది. ఆ కుర్రవాడికి గొట్టాల రంగులు నేర్పినవారు ఉన్నారు గానీ, ఆ రంగు ఎందుకో చెప్పినవారు లేరు.

మంచం దగ్గరి పనిలోనూ అంతే. కుడి పక్క పడిపోయిన మనిషిని కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బలంగా ఉన్న ఎడమ వైపు పెట్టాలి, చక్రాల బ్రేకు ముందుగా వేయాలి. కదలలేని వారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండు పడుతుంది. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, ఎందుకంటే వేలికి గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు చిల్లు పడని తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గొట్టాలూ చేతి తొడుగులూ ఎర్ర సంచిలోకి, గాజు సామాను నీలం పెట్టెలోకి వెళ్లాలి. శిక్షణకు చేరిన పిల్లలకు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు వేయించారో లేదో చూస్తే, ఆ సంస్థకు పిల్లల పట్ల ఎంత పట్టింపు ఉందో తెలిసిపోతుంది.

పని వచ్చినంత మాత్రాన హద్దు చెరిగిపోదు. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు కోసం రాష్ట్రాలు దాటి జనం వచ్చే ప్రాంతం మనది. చేతివాటం ఉంటే చాలు, కాగితం ఎందుకన్న నమ్మకం ఇక్కడ లోతుగా ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచే వ్యక్తి కూడా ఎక్కడో ఒక నర్సింగ్ హోంలో సహాయకుడిగా పని నేర్చుకున్నవాడే అయి ఉంటాడు. ఆ మూడక్షరాలకు అసలు అర్థం రిజిస్టరైన వైద్యుడని. రిజిస్టరులో లేనివారికి ఆ పేరు ఎలా స్థిరపడిందో ఆశ్చర్యమే. 2020లో అమల్లోకి వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కోర్సు అయ్యాక సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చని ఆశ చూపే సంస్థ, చదివే పిల్లలను నేరుగా ఈ సెక్షన్ కిందికే తోస్తోంది.

శిక్షణకు ఈ ప్రాంతంలో చోటుకు కొదవ లేదు. తిరుపతిలో రుయా, స్విమ్స్, ఎముకల వైద్యానికి పేరుపడ్డ బర్డ్, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, మురకంబట్టు వైపు అపోలో వైద్య కళాశాల, కుప్పంలో పీఈఎస్ ఉన్నాయి. చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ గంట, గంటన్నర ప్రయాణం. ఆ ఆసుపత్రికి చిత్తూరు వైపు కూడా ఒక ప్రాంగణం ఉంది. ఇక్కడ పనిచేసేవారికి తమిళం కాస్త రావడం అదనపు అర్హత కాదు, అవసరం. కొండకు వచ్చి కళ్లు తిరిగి పడిపోయిన భక్తుడు తమిళుడో, కన్నడిగుడో, హిందీ తప్ప మరొకటి రానివాడో అయి ఉంటాడు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, చక్కెర జబ్బు ఉందా, ఏ మాత్రలు వేసుకున్నారు అన్న నాలుగు ప్రశ్నలు నాలుగు భాషల్లో అడగగలిగితే, అత్యవసర విభాగంలో అలాంటివారి విలువ వేరు.

పలమనేరు అమ్మాయి ఈ మాటలన్నీ వింటూ కూర్చుని, చివరికి తనకు గొట్టాల సంగతి నచ్చిందని చెప్పింది. రోగి ఒంటికి స్నానం చేయించడం తన వల్ల కాదేమోనని కూడా దాచకుండా చెప్పింది. అలా ముందే తెలుసుకోవడం మంచిదే. ల్యాబ్ డిప్లొమాకు దరఖాస్తు చేయమన్నాను. కళాశాలను ఎంచుకోవడానికి వారికి మూడు పరీక్షలు చెప్పాను. గుర్తింపు పత్రం అడగండి, అందరూ ఏదో ఒకటి చూపిస్తారు కాబట్టి దానిని రాష్ట్ర నియంత్రణ సంస్థ జాబితాతో సరిపోల్చుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కోర్సు అయ్యేదాకా తమ దగ్గరే ఉండాలంటే లేచి వచ్చేయండి. ఆ తర్వాత వారు తమకు అనుబంధమని చెప్పిన ఆసుపత్రి ల్యాబ్‌కు, చెప్పకుండా, ఉదయం ఎనిమిదింటికి వెళ్లండి. పరగడుపున రక్తం ఇవ్వడానికి జనం వరుస కట్టే వేళ అది. ఆ కళాశాల పిల్లలు ఆ వేళ అక్కడ, చేతికి తొడుగులు వేసుకుని, పక్కన ఒక సీనియర్ నిలబడి చూస్తుండగా పనిచేస్తూ కనిపిస్తే ఫీజు సంగతి మాట్లాడండి.